సున్న లేని ఆగు

సోమవారం సాయంత్రం పోలీసులు తీసిన ఫొటోలో గుడ్డ చివర ఎర్రటి మరక ఉంది. ఆ మరక దగ్గరే నేత ఆగిపోయింది. బుధవారం పదకొండుంబావుకు శైలజ టేపు పెట్టి కొలిచేసరికి మరక తర్వాత జానెడు గుడ్డ కొత్తగా నేసి ఉంది. ఈ రెండు రోజులూ కార్ఖానకు తాళం, తాళం మీద పోలీసు సీలు.

"నేను చెప్తే నవ్విన్రు గదా," అంది సత్తవ్వ, గడప అవతలే నిలబడి. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. చచ్చిపోయిన అంజయ్యది ఏడో నంబరు సాంచ, సత్తవ్వది ఎనిమిది. పన్నెండేళ్లు పక్కపక్కన నేశారు. "సోమారం పొద్దుమీకంగ ఊదుబత్తి ముట్టియ్యనీకి అచ్చిన. తాళమేసుంది. లోపల సాంచ నడుస్తుంది బిడ్డా. నా చెవులార ఇన్న. కరెంటు పోతేనే ఆగింది. అంజన్న పని సగంల ఇడిసిపెట్టేటోడు గాదు."

శైలజకు దయ్యాల మీద నమ్మకం లేదు. అయినా వీపు జలదరించింది. మరక ఇవతలి గుడ్డకూ అవతలి గుడ్డకూ అల్లికలో వెంట్రుకవాసి తేడా లేదు.

"సాంచలన్నీ బంద్ చేసిన్రా?" అని అడిగింది టేపు చుట్టుకుంటూ.

"ఆగినై. గీడియి సోమారమే, అవతల పెద్ద కార్ఖానల ముప్పై రెండు ఇయ్యాల. అంజన్న మూడొద్దుల కర్మ అని పదకొండు గొట్టంగనే సేటు ఆపుమన్నడు. ఏ చాదరు ఆ చాదరు నిండంగనే ఆగినై. సగంల ఇడువరు గదా."

శైలజ మళ్లీ అడగలేదు. ఒక ప్రశ్నను రెండోసారి అడగకపోవడం ఆమె పద్ధతి, గర్వం కూడా. రెండోసారి అడిగితే మనిషి జవాబును సర్దుకుంటాడనేది. పదిహేనేళ్లు హైదరాబాదులో కంపైలర్లు రాసి, ఆ ఉద్యోగం వదిలేసి జగిత్యాలలో డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి. మిషన్లు మనుషుల్ని చంపిన కేసులే పట్టుకుంటుంది. ఊళ్లో వెనకనుంచి 'మిషన్లకు సోది చెప్పే అక్క' అంటారని ఆమెకు తెలుసు.

ఈ కేసు అప్పగించింది కోరుట్లలో బీడీలు చుట్టే నర్సవ్వ. ఆమె కొడుకు నవీన్ ఇప్పుడు ఎస్సై పరశురాములు పక్కన తల దించుకుని నిలబడి ఉన్నాడు. అంజయ్య సాంచలో తల పెట్టి తెగిన పోగు ముడేస్తుండగా పచ్చ బటన్ ఒత్తి చంపాడని నేరం. రెండు గంటలకు కోర్టులో హాజరుపరచాలి. ఈలోగా ఏమీ తేలకపోతే కుర్రవాడు జైలుకే.

"సోమవారం పొద్దున అంజయ్యతో ఎందుకు కొట్లాడినవ్?" అంది శైలజ.

"కండెలకు నూలు సరిగ సుట్టలేదని తిట్టిండక్కా. నేనూ ఓ మాటన్న. గంతే."

"పోగు తెగి ఏడో నంబరు ఆగినప్పుడు ఎక్కడున్నవ్?"

"గీడ, బటన్ కాడ." నవీన్ గోడ వైపు వేలు చూపించాడు. "సాంచ ఆగంగనే జర చప్పుడు తగ్గింది. మస్కట్ల ఉన్న మా అక్కకు ఫోన్ కొట్టిన. ఈ మూలకే సిగ్నలుంటది. మాట్లాడుతుంటే... ఒక్కపారి సాంచ లేసింది. నేను ఒత్తలే అక్కా. మా అవ్వ మీద ఒట్టు, ఒత్తలే."

"ఒత్తనోడు బటన్ మీద చెయ్యెందుకు పెట్టిండు?" అన్నాడు వెనకనుంచి ప్రేమ్‌సాగర్.

ప్రేమ్‌సాగర్ కరీంనగర్ డిటెక్టివ్. సేటు తరఫున వచ్చాడు. జేబులో మూడు పెన్నులుంటాయి గాని ఒక్కదానితోనూ రాయగా చూసినవాళ్లు లేరు. శైలజ పట్టిన రెండు కేసుల్లో ఇదివరకే అడ్డం తగిలాడు, రెండింటిలోనూ గెలిచాడు. అదీ ఆమెకు మంట.

"చెయ్యి బటన్ మీద లేదు, గోడ మీదుంది," అంది శైలజ.

"సత్తవ్వ చూసింది."

"సత్తవ్వ గోడే చూసింది. బటన్ గోడకున్నది కాబట్టి మీరు కలుపుకున్నరు."

ప్రేమ్‌సాగర్ నవ్వి ఒక కాగితం విప్పాడు. "మేడమ్, మీరు చదువుకున్నోళ్లు. ఇది ఏడో నంబరుకు తగిలిచ్చిన డబ్బాల ఉన్న ప్రోగ్రాం. మన తెలుగులనే ఉంది, ఇంగ్లీషు రానోడు గూడ చదువుతడు. ఇనుండ్రి. 'పోగు తెగితే ఆగు. పచ్చ బటన్ ఒత్తితే నడువు.' ఆగుమని రాసుంది, ఆగింది. బటన్ ఒత్తితేనే నడుస్తదని రాసుంది, నడిచింది. ఒత్తినోడెవ్వడు? దయ్యమా?"

సత్తవ్వ చేతులు జోడించి గోడకు ఒదిగింది. ఎస్సై దగ్గాడు.

ఆ కాగితం మీది భాష పేరు 'నాడె'. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె పేరే దానికి పెట్టారు. కోరుట్లలో ఉంటున్న లక్ష్మీరాజం సారు తయారు చేశాడు. నేతగాడు తెలుగులో రాసిన మాటను సాంచకు తగిలించిన డబ్బా అర్థం చేసుకునే అంకెలుగా మార్చే పని కంపైలర్‌ది. ఆ భాషలో 'బంద్' అనే మాట లేదు. సారు పెట్టనన్నాడు. సాంచలు బంద్ అంటే సిరిసిల్లలో పొయ్యిలు బంద్ అన్నట్టే, ఆ మాట కార్ఖానలో నోటెంట రానీయరు. అందుకే కాసేపు నిలవడానికీ ఆగు అనే మాటే, పూర్తిగా నిలిచిపోవడానికీ ఆగు అనే మాటే.

శైలజకు ఇదంతా తెలుసు. ఎట్లా తెలుసో ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. జగిత్యాలలో సారు పాత ఇంటి పై అర్రలో ఆ కంపైలర్ పుట్టినప్పుడు ఆమె అక్కడే ఉంది. ఇరవై రెండేళ్లయింది.

"మీరు రాసింది చదువుతున్నరు సార్. డబ్బా రాసింది చదవదు," అంది.

"అంటే?"

శైలజ సాంచ చుట్టూ నడిచింది. ఇనుప చట్రం లోపలివైపు సుద్దతో రాసిన అంకెలు కనబడ్డాయి. వరసగా ఉన్నాయి, పాతవి చెరిగిపోయాయి. 1105. 76. 2210. అన్నిటికన్నా కింద కొత్తగా, కాస్త వంకరగా, 432.

"ఇవేంది సత్తవ్వా?"

"అంజన్న రాత బిడ్డా. పడుగు పోగు తెగినప్పుడు చాదరుల ఎన్నో పేక కాడ తెగిందో రాసుకునేటోడు. రేపు గుడ్డల ఏదన్న ఎబ్బు, లోపం ఉందని సేటంటే చూపెట్టనీకి. ఎవ్వలు రాయరు, గాయినె ఒక్కడే." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గది ఆఖరుది."

శైలజ ఆ అంకె ముందు కూర్చుంది. చనిపోయే ముందు ఒక మనిషి చేత్తో రాసిన ఆఖరు మాట నాలుగు వందల ముప్పై రెండు. అది రాసి, సుద్దముక్క జేబులో వేసుకుని, లోపలికి తల పెట్టాడు. ఆమెకు ఎందుకో ఆ సుద్దముక్క ఇంకా ఆ జేబులోనే ఉందేమోనన్న ఆలోచన వచ్చింది.

"నవీన్, మీ అక్కతో ఎంతసేపు మాట్లాడినవ్?"

"తెల్వదక్కా. ఫోన్ ఎస్సై సార్ కాడుంది."

పరశురాములు సంచిలోంచి ఫోన్ తీసి చూశాడు. "పదీ ఇరవైకి మొదలు. ఏడు నిమిషాల పద్నాలుగు సెకన్లు."

ఏడు అరవైలు నాలుగు వందల ఇరవై. మీద పద్నాలుగు. నాలుగు వందల ముప్పై నాలుగు. సాంచ ఆగగానే ఫోన్ కలిపాడు, కేక వినగానే పెట్టేశాడు. రెండు సెకన్లు తేడా.

"ఎస్సై సార్, సోమవారం మీరు గూడ దీన్ని నడిపి, ఆపి చూసిన్రంట గదా?"

"చూసిన. సాయంత్రం ఎర్ర బటన్ ఒత్తి ఐదు నిమిషాలు నిలవడ్డ. కదల్లే. తాళమేసుకొని పోయిన."

"ఎన్నో పేక కాడ ఆపిన్రు?"

"నాలుగు వందల యాభై," అన్నాడు పరశురాములు. చెప్పి, ఆమె ముఖం చూసి, "ఏంది మేడమ్?" అన్నాడు.

"మీరు ఇంకో రెండున్నర నిమిషాలు నిలవడితే దయ్యాన్ని చూసేటోళ్లు."

ఆమె డబ్బా తాళంచెవి తిప్పింది. ఎర్ర దీపం వెలిగింది. అందర్నీ నాలుగడుగులు వెనక్కి జరగమంది. నవీన్‌ను మరీ దూరంగా, తలుపు దగ్గరికి పంపింది. పచ్చ బటన్ ఒత్తితే దీపం పచ్చగా మారి, ఒక్క ఊపిరి తీసేంత సేపు ఆగి, ఏడో నంబరు గదినంతా వణికిస్తూ లేచింది. పేక లెక్క ఎనభై దాటగానే ఆమె ఎర్ర బటన్ ఒత్తింది. అంకె ఎనభై నాలుగు దగ్గర నిలిచింది.

"ఎనభై నాలుగు సెకన్లు," అంది చేతి గడియారం చూస్తూ. "ఎవ్వరూ ఏదీ ముట్టొద్దు."

"నాటకం బాగుంది," అన్నాడు ప్రేమ్‌సాగర్. "ఊదుబత్తి గూడ ముట్టియ్యాల్నా?"

ఎవరూ నవ్వలేదు. నిలిచిన సాంచ ముందు నిలబడడం ఎంత కష్టమో ఆ నిమిషమున్నరలో అందరికీ తెలిసివచ్చింది. చూస్తున్న కొద్దీ అది కూడా చూస్తున్నట్టుంటుంది. డెబ్బై. ఎనభై. ఎనభై నాలుగు.

ఎర్ర దీపం పచ్చగా మారింది. ఒక్క ఊపిరి. సాంచ లేచింది.

"అంజన్నా!" అని సత్తవ్వ అరిచిన అరుపు ఆ చప్పుడులోనూ వినిపించింది. నవీన్ తలుపు పట్టుకుని కిందికి జారిపోయి బావురుమన్నాడు. ప్రేమ్‌సాగర్ చేతిలో కాగితం అట్లాగే ఉంది. పాపం, అందులో ఒక్క అక్షరం తప్పు లేదు.

శైలజ తాళంచెవి తిప్పి, డబ్బాకు ల్యాప్‌టాప్ కలిపి, కోరుట్లకు ఫోన్ చేసింది. అప్పటికి పదకొండూ ముప్పై ఎనిమిది.

"సార్, ఆగు అన్న మాటకు మన కంపైలర్ ఏం రాయాలె?"

"రెండు ఆజ్ఞలు బిడ్డా," అన్నాడు లక్ష్మీరాజం సారు. గొంతు బాగా ముసలిదైంది. "మూడో గిన్నెల సున్న పెట్టుమని ఒకటి. ఆగుమని ఇంకొకటి. సున్న ఉంటే మనిషి అచ్చి బటన్ ఒత్తేదాక ఆగుడే. అంకె ఉంటే గన్ని సెకన్లు ఆగి మల్ల నడుసుడు." డబ్బా అంకెల్ని దాచుకునే చోట్లను సారు మొదటినుంచీ గిన్నెలనే అంటాడు.

"ఈ డబ్బాల ఒక్కటే ఆజ్ఞ ఉంది సార్. సున్న లేదు."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు, కీబోర్డు చప్పుడు. తర్వాత సారు దీర్ఘంగా నిట్టూర్చాడు. "నా తప్పే బిడ్డా. పోయినేడు డబ్బాలు మార్చినప్పుడు గిన్నెలు సాలలే. పేక లెక్క తీస్కపోయి మూడో గిన్నెలనే పోసిన. పొద్దుగాల ప్రోగ్రాం మొదలైనప్పుడు గా గిన్నెల సున్న ఉంటది. కంపైలర్ గది యాదిపెట్టుకొని, 'ముందే సున్న ఉంది గదా, మల్ల పెట్టుడెందుకు' అని తీసేస్తుంది. నడిమిట్ల గిన్నె నిండిన ముచ్చట దానికి తెల్వదు."

"ఇన్ని దినాలు ఎవ్వరికీ ఎందుకు తెల్వలే?"

"పోగు ముడేసుడు రెండు నిమిషాల పని. ముడేసి మనిషే బటన్ ఒత్తుతడు. గంతసేపు ఎవ్వడు లోపలుంటడు?"

అరవై రెండేళ్ల అంజయ్య ఉన్నాడు. అద్దాలు మార్చుకోమని సత్తవ్వ చెబుతూనే ఉందట.

"సార్, గా సున్న తీసేసే ముక్క ఎవరు రాసిన్రు?"

అడిగాక ఆమెకు భయం వేసింది.

"యాదికి లేదా బిడ్డా?"

ఉంది. పై అర్ర, చెమట, రెండు పాత కంప్యూటర్లు. ఇరవై ఒక్క ఏళ్ల పిల్ల కుర్చీలోంచి ఎగిరి లేచి, 'ఒకసారి చెప్పింది మళ్లెందుకు చెప్పాలె సార్? తీసేద్దాం, ప్రోగ్రాం సగమైతది' అంది. సారు మురిసిపోయి వీపు తట్టాడు. ఆ మెప్పుతోనే హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, ఆ మెప్పుతోనే ఇన్నేళ్లూ తల ఎత్తుకు తిరిగింది. తన చేతిరాత ఇరవై రెండేళ్లు ఎక్కడో బతికి, సోమవారం పదీ ఇరవై ఏడుకు ఇక్కడికి వచ్చి అంజయ్య మెడ మీద పడింది.

"తీసెయ్యండి సార్," అంది. "నేను రాసిన ముక్క మొత్తం తీసెయ్యండి. ఎన్నిసార్లు ఆగు అంటే అన్నిసార్లు సున్న పెట్టనీయండి."

పది నిమిషాల్లో సరిచేసిన కంపైలర్ కోరుట్ల నుంచి వచ్చింది. శైలజ అదే ప్రోగ్రాంను, ఒక్క అక్షరం మార్చకుండా, దాంతో మళ్లీ తయారు చేసింది. డబ్బాలోకి పంపే ముందు అంకెలు ఒక్కొక్కటే వేలుపెట్టి చదివింది. ఆగు ఉన్న ప్రతిచోటా ముందు సున్న ఉంది. సాంచను నడిపి అరవయ్యో పేక దగ్గర ఆపింది. అరవై సెకన్లు గడిచాయి. నూట ఇరవై గడిచాయి. ఎర్ర దీపం అట్లాగే ఉంది.

"ఇప్పుడు ఆగింది," అన్నాడు పరశురాములు మెల్లగా. "పొరగాన్ని కోర్టుకు తీస్కపోను మేడమ్. రాసిస్తరా?"

"రాసిస్త. ఎవరు రాసిన ముక్కో గూడ రాసిస్త."

ప్రేమ్‌సాగర్ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. మొదటిసారి అతని ముఖంలో ఎగతాళి లేదు. "నేను పొరగానికి ఉరితాడు పేనిన," అని మాత్రం అన్నాడు.

సత్తవ్వ కళ్లు తుడుచుకుని సాంచకు దండం పెట్టింది. "నేను పోయి ఇంద్రమ్మోళ్లకు చెప్పొస్త. గా ఆడోళ్లు పొద్దటిసంది అంజన్న దయ్యమని వణుకుకుంటనే సాంచలల్లకు దూరి పోగులు ముడేస్తున్నరు."

"ఏ సాంచలల్లకు?"

"అవతల పెద్ద కార్ఖానల. కొత్త పడుగు ఎక్కించాలె గదా. గన్ని సాంచలు ఒక్కపారి ఎప్పుడాగుతయ్?"

"కరెంటు బంద్ జేసుంది గదా?"

"గా మాట అనకు బిడ్డా," అంది సత్తవ్వ నొచ్చుకుని. "ఆగినై అని నువ్వచ్చినప్పుడే చెప్పిన గదా."

చెప్పింది. శైలజ ఒక్కసారే అడిగింది. ఆ జవాబును అప్పుడే గిన్నెలో పోసుకుని, ఇంతసేపూ అదే నిజమనుకుని తిరిగింది.

"చాదరుకు ఎన్ని పేకలు?"

"మూడు వేల ఆరు నూర్లు."

చాదరు నిండాకే ఆగాయి. ప్రతి సాంచ మూడో గిన్నెలోనూ మూడు వేల ఆరు వందలు. సరిగ్గా గంట. మొదటిది పదకొండు కొట్టగానే ఆగింది. గడియారం పదకొండూ యాభై ఏడు చూపిస్తోంది.

"కరెంటు మెయిన్ స్విచ్చి ఎక్కడ?"

"సేటు అర్రల. తాళమేసుకొని ఎల్లంతకుంట పోయిండు, అంజన్నోళ్ల ఇంటికి."

"నేను పగలగొడ్త," అని ప్రేమ్‌సాగర్ అప్పటికే పరుగెత్తాడు. ఎస్సై అతని వెనకే.

శైలజ సందు దాటి పెద్ద కార్ఖానలో పడింది. ముప్పై రెండు ఎర్ర దీపాలు. ఒక్క చప్పుడు లేదు. సాంచల కడుపుల్లోంచి కాళ్లు, కొంగులు, గాజుల చేతులు కనబడుతున్నాయి.

"బయటికి రండ్రి! అందరూ బయటికి రండ్రి!"

కొందరు తలలు ఎత్తి చూశారు, ఎవరీమె అన్నట్టు. ఆమె మళ్లీ అరిచింది. మళ్లీ అరిచింది. సత్తవ్వ వెనకనుంచి వచ్చి పేరు పేరునా పిలిచింది. ఒక్కొక్కరే మోకాళ్ల మీద వెనక్కి పాకుతూ వచ్చారు. "పది మంది," అని లెక్కపెట్టింది సత్తవ్వ. ఆమె ముఖం పాలిపోయింది. "పదకొండు మంది ఉండాలె. ఇంద్రమ్మేది? ఆమెకు చెవులు మందం."

అందరికన్నా ముందు ఆగిన ఒకటో నంబరు సాంచలో, బరువైన చెక్కకూ పడుగుకూ మధ్య, నెరిసిన జుట్టు ముడి ఒకటి కదులుతోంది. శైలజ అటు పరుగెత్తుతూ గొంతు చీలేలా పిలిచింది. ఎక్కడో తాళం మీద ఇనుప దెబ్బలు పడుతున్నాయి.

ఇంద్రమ్మ పోగు పళ్లతో కొరికి, తల బయటికి తీయకుండానే కొంచెం పక్కకు తిప్పి నవ్వింది.

"ఇంకొక్కపారి చెప్పు బిడ్డా, ఇనవడలే."

ఆమె తల మీద ఎర్ర దీపం పచ్చగా మారింది.